బ్యాక్ అప్: ఒకరిని సమర్థించేటప్పుడు ఈ ఇంగ్లిష్ మాటను ఎలా వాడాలి

'బ్యాకప్' అనే మాట ఇప్పుడు మన నోట్లో తెలుగు మాటలాగే నలుగుతోంది. ఫొటోలు బ్యాకప్ పెట్టుకుంటాం, కొత్త ఫోన్ కొంటే బ్యాటరీ బ్యాకప్ ఎంత అని అడుగుతాం, ఎవరైనా మరీ ధీమాగా మాట్లాడితే 'వాడికి వెనకాల బ్యాకప్ గట్టిగా ఉందిలే' అనుకుంటాం. ఇంత బాగా తెలిసిన మాటే కదా అని ఇంగ్లిష్ వాక్యంలో పెట్టబోతే మాత్రం అది మాట వినదు. 'మై ఫ్రెండ్ బ్యాక్ట్ అప్ మీ' అంటాం, అవతలివాళ్లకు అర్థమైపోతుంది కానీ ఎక్కడో తేడా కొడుతుంది. 'మై ఫాదర్ బ్యాక్స్ మీ అప్ ఫర్ మై స్టడీస్' అంటాం, అక్కడ మాటల వరుస సరిగ్గానే ఉంది, అసలు ఆ చోట ఆ మాటే అతకదు. ఒకటి వరుసలో తప్పు, ఇంకోటి అర్థంలో తప్పు. ముందు అర్థం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే వరుస నేర్చుకోవడం పది నిమిషాల పని.

మొదటి పని: ముందొకటి ఉందో లేదో చూడండి

ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం తప్పులు వాటంతట అవే పోతాయి. బ్యాక్ అప్ చేయాలంటే మీకంటే ముందే అక్కడ ఏదో ఒకటి ఉండాలి. ఎవరో ఒక మాట అనేసి ఉండాలి, లేదా ఒక వాదన పెట్టి ఉండాలి, లేదా ఒక పనిలోకి దిగి ఉండాలి, అప్పుడు మీరు దాని వెనక చేరి బలం ఇస్తారు. బ్యాకప్ ప్లాన్ అంటే అసలు ప్లాన్ ఒకటి ఉన్నట్టు, బ్యాకప్ సింగర్ అంటే ముందు మైకు దగ్గర ఇంకొకరు పాడుతున్నట్టు, ఫోన్ బ్యాకప్ అంటే అసలు ఫైలు ఫోన్‌లో ఉన్నట్టు. మనిషిని సమర్థించే అర్థంలో కూడా లెక్క ఇదే.

'సపోర్ట్' అనే మాటకు ఈ షరతు లేదు. మీ నాన్నగారు ఫీజులు కట్టి చదివిస్తే అది సపోర్ట్. మీకు నచ్చిన టీమ్ గెలవాలని కోరుకుంటే అది సపోర్ట్. స్నేహితురాలు బాధలో ఉంటే రోజూ ఫోన్ చేసి పలకరించడమూ సపోర్టే. వీటిలో దేనికీ బ్యాక్ అప్ పనికిరాదు. ఇప్పుడు ఇంకో పరిస్థితి చూడండి. మీటింగ్‌లో మీరు 'ఈ గడువు సరిపోదు' అన్నారు, అందరూ మౌనంగా ఉన్నారు, పక్కనున్న కొలీగ్ అందుకుని 'అవును, టెస్టింగ్‌కే రెండు వారాలు పడుతుంది' అన్నాడు. మీ మాట ముందు వచ్చింది, అతను వెనక నిలబడ్డాడు. అతను చేసింది అచ్చంగా బ్యాక్ అప్. ఆ తర్వాత మీరు ఇంటికెళ్లి 'మై కొలీగ్ బ్యాక్ట్ మీ అప్ ఇన్ ద మీటింగ్' అని చెప్పుకోవచ్చు.

తెలుగులో ఏ మాట తడుతుందో గమనించండి

ఇది కూడా పనికొచ్చే పరీక్షే. ఆ సందర్భాన్ని తెలుగులో చెబితే 'నా మాటను సమర్థించాడు', 'నా వాదనను బలపరిచింది', 'నాకు దన్నుగా నిలిచారు' అని వస్తోందా, అయితే బ్యాక్ అప్ హాయిగా వాడేయండి. 'నన్ను ఆదుకున్నారు', 'నన్ను పోషించారు', 'ధైర్యం చెప్పారు' అని వస్తే వద్దు, సపోర్ట్ దగ్గరే ఆగిపోండి.

అసలు జాగ్రత్తగా ఉండాల్సింది మన ఎత్తిపొడుపు మాటలతో. వత్తాసు పలకడం, వంత పాడటం, వెనకేసుకురావడం, ఈ మూడింటిలోనూ కొంచెం పుల్ల విరుపు ఉంది. 'వాడు తప్పు చేసినా నువ్వు వెనకేసుకొస్తున్నావ్' అంటే అది నింద. ఇంగ్లిష్ బ్యాక్ అప్‌లో సొంతంగా ఆ నింద లేదు, సమర్థించడం వరకే చెబుతుంది, ఆ సమర్థన న్యాయమా అన్యాయమా అనేది మిగతా వాక్యం చెప్పాలి. కాబట్టి 'నువ్వెప్పుడూ దాన్నే వెనకేసుకొస్తావ్' అని దెప్పాలంటే 'యు ఆల్వేస్ బ్యాక్ హర్ అప్' అంటే పొగిడినట్టు కూడా వినిపించే ప్రమాదం ఉంది. 'యు ఆల్వేస్ టేక్ హర్ సైడ్' అనండి, దెబ్బ తగలాల్సిన చోట తగులుతుంది. వంత పాడేవాడి గురించైతే 'యెస్ మ్యాన్' ఉండనే ఉంది.

మనిషినా, మాటనా, పనినా?

ముందొకటి ఉందని తేలాక, మీరు దేన్ని సమర్థిస్తున్నారో చూసుకోండి. మూడు రకాలుగా వస్తుంది.

మనిషిని సమర్థిస్తుంటే 'బ్యాక్ మీ అప్', 'బ్యాక్ హర్ అప్'. ఏ విషయంలో అనేది కూడా చెప్పాలంటే 'ఆన్' తగిలించండి: 'ప్లీజ్ బ్యాక్ మీ అప్ ఆన్ దిస్', అంటే ఈ విషయంలో కాస్త నాకు దన్నుగా ఉండు అని. మనవాళ్లు ఇక్కడ 'ఇన్ దిస్ మ్యాటర్' అని రాస్తుంటారు, తప్పని అనను కానీ ఆఫీసు ఫైల్లో నోట్ రాసినట్టు ఉంటుంది.

మాటను సమర్థిస్తుంటే, అంటే ఒక వాదనకు ఆధారం చూపిస్తుంటే, 'విత్' వస్తుంది. 'బ్యాక్ అప్ యువర్ క్లెయిమ్ విత్ ఎవిడెన్స్', నీ మాటకు రుజువు చూపించు. పరీక్షల్లో వ్యాసాలు రాసేవాళ్లకు, థీసిస్ రాసేవాళ్లకు ఈ రూపం రోజూ పని పడుతుంది. ఇక్కడ సమర్థించేది మనిషే అయి ఉండక్కర్లేదు, అంకెలు కూడా సమర్థిస్తాయి: 'ద నంబర్స్ బ్యాక్ అప్ వాట్ షి సెడ్', ఆవిడ అన్నది నిజమేనని లెక్కలూ చెబుతున్నాయి. కర్మణి వాక్యం రాస్తే 'బై' తీసుకోండి, 'బ్యాక్ట్ అప్ బై డేటా' అని. ఉద్యోగం ఇంటర్వ్యూలో 'నేను ఒత్తిడిలో బాగా పనిచేస్తాను' అన్నారనుకోండి, ఎదుటివాళ్లు 'కెన్ యు బ్యాక్ దట్ అప్?' అని అడగొచ్చు. కంగారు పడకండి, మీకు మద్దతు ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా అని కాదు వాళ్లు అడిగేది. ఒక ఉదాహరణ చెప్పమంటున్నారు, అంతే. గొప్పలు పోయేవాళ్ల గురించి కూడా ఇదే మాట: 'హి టాక్స్ బిగ్, బట్ కెన్ హి బ్యాక్ ఇట్ అప్?' కోతలు సరే, చేసి చూపించగలడా?

మూడోది పనిలో తోడు వెళ్లడం. పోలీసు సినిమాల్లో 'కాల్ ఫర్ బ్యాకప్' అని అరుస్తారే, అది. ముందు వెళ్లినవాళ్లకు వెనక నుంచి మరికొందరు రావడం.

క్రికెట్ చూసేవాళ్లకు ఇంకో సంగతి. ఒక ఫీల్డర్ వికెట్ల మీదికి త్రో వేస్తుంటే అది తగలకపోతే ఓవర్‌త్రో పోతుందేమోనని అవతల ఇంకో ఫీల్డర్ కాచుకుని ఉంటాడు, దాన్ని బ్యాకింగ్ అప్ అంటారు. బౌలర్ బంతి వేసే లోపే నాన్‌స్ట్రైకర్ క్రీజు వదిలి నాలుగడుగులు ముందుకు జరగడాన్నీ బ్యాకింగ్ అప్ అనే అంటారు, ముందుకు నడుస్తున్నా పేరు మాత్రం అదే. 1947లో సిడ్నీ టెస్టులో మన బౌలర్ వినూ మన్కడ్ అలా క్రీజు దాటిన ఆస్ట్రేలియా బ్యాటర్ బిల్ బ్రౌన్‌ను రనౌట్ చేశాడు, దాని మీద వాదనలు ఇప్పటికీ తెగలేదు. 2022 అక్టోబర్ నుంచి నిబంధనల పుస్తకంలో ఆ అవుట్‌ను 'అన్‌ఫెయిర్ ప్లే' కింద నుంచి తీసి మామూలు రనౌట్ కింద పెట్టారు. కామెంటరీలో 'బ్యాకింగ్ అప్ టూ ఫార్' అని వినబడితే సంగతి ఇదన్నమాట.

ఇప్పుడు మాటల వరుస

దీనికి ఒక్కటే గట్టి నియమం. మీ, హిమ్, హర్, అస్, దెమ్, ఇట్ లాంటి చిన్న సర్వనామాలు ఎప్పుడూ మధ్యలోనే కూర్చోవాలి. 'బ్యాక్ మీ అప్' ఒప్పు, 'బ్యాక్ అప్ మీ' తప్పు. మినహాయింపు కోసం వెతక్కండి, అలవాటు చేసుకోవడమే మేలు. 'ఈచ్ అదర్' కూడా మధ్యలో ఉంటేనే సహజంగా ఉంటుంది: 'వి ఆల్వేస్ బ్యాక్ ఈచ్ అదర్ అప్'.

పేరో, మామూలు నామవాచకమో వస్తే ఎటైనా పెట్టొచ్చు. 'బ్యాక్ యువర్ సిస్టర్ అప్', 'బ్యాక్ అప్ యువర్ సిస్టర్', రెండూ నడుస్తాయి. మనిషైతే మధ్యలో పెడితే కొంచెం సహజంగా ఉంటుందని నా అభిప్రాయం. కానీ కర్మ పొడుగ్గా ఉంటే చివరికి నెట్టేయండి. 'షి బ్యాక్ట్ అప్ ద స్టేట్‌మెంట్ దట్ హి హ్యాడ్ మేడ్ ద డే బిఫోర్' బాగుంది. అందులో 'అప్'ను తీసి వాక్యం చివర పెట్టి చూడండి, ఆ 'అప్' దేనిదో చదివేవాడు వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి.

పలకడం, రాయడం

గతకాలం రూపాన్ని మనం 'బ్యాకెడ్' అంటుంటాం. పలికేటప్పుడు 'క' తర్వాత అచ్చు లేదు, చివర 'డ' కూడా లేదు, అది 'బ్యాక్ట్'. పక్కన 'అప్' చేరగానే రెండూ కలిసిపోయి 'బ్యాక్టప్' అవుతుంది, 'బ్యాక్స్ అప్' కూడా 'బ్యాక్సప్' అవుతుంది. మన సంధులకు అలవాటు పడ్డ నోటికి ఇది కష్టమేమీ కాదు, విడగొట్టి పలకాలనే పట్టుదల వదిలేస్తే చాలు. మధ్యలో సర్వనామం ఉన్నప్పుడు బరువంతా చివరి 'అప్' మీద వేయండి, 'మీ' తేలిగ్గా జారిపోవాలి.

రాతలో క్రియ అయితే రెండు మాటలు, మధ్యలో ఖాళీ ఉండాలి. నామవాచకమో విశేషణమో అయితే కలిపి ఒకే మాట. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు, వాట్సాప్ సెట్టింగ్స్ తెరిచి చూడండి: పైన 'చాట్ బ్యాకప్' అని శీర్షిక కలిపి ఉంటుంది, ఎందుకంటే అది వస్తువు పేరు. కింద నొక్కే బటన్ మీద 'బ్యాక్ అప్' విడిగా ఉంటుంది, ఎందుకంటే అది పని. పలికేటప్పుడూ ఈ తేడా వినిపిస్తుంది. నామవాచకంలో బరువు 'బ్యాక్' మీద, క్రియలో 'అప్' మీద. 'ఐ విల్ బ్యాకప్ యు' అని కలిపి రాసి, వరుస కూడా తప్పి, మెయిల్ పంపేవాళ్లు చాలామందే ఉన్నారు. స్పెల్ చెకర్ కూడా దాన్ని పట్టుకోదు, ఎందుకంటే కలిపి రాసిన మాట కూడా నిఘంటువులో ఉన్నదే.

నామవాచకంతో ఇంకో రెండు చిక్కులు. 'టేక్ ఎ బ్యాకప్' మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, బయటివాళ్లకు మెయిల్ రాస్తుంటే 'మేక్ ఎ బ్యాకప్' అనండి, లేదా నేరుగా 'బ్యాక్ అప్ ద ఫైల్స్' అనేయండి. అలాగే 'హి హ్యాజ్ బ్యాకప్' అంటే వాడికి పలుకుబడి ఉందని ఇంగ్లిష్ వాళ్లకు తట్టదు, ఫైళ్ల కాపీ ఉందనో, సాయానికి ఇంకెవరో వస్తున్నారనో అనుకుంటారు. పెద్దల అండ ఉంది అని చెప్పాలంటే 'బ్యాకింగ్' వాడాలి: 'షి హ్యాజ్ ద బ్యాకింగ్ ఆఫ్ ద బోర్డ్'.

అడిగేటప్పుడు, మాట ఇచ్చేటప్పుడు, నిజంగా సమర్థించేటప్పుడు

ఈ మూడు సమయాల్లో ఈ మాట ఒకేలా పనిచేయదు. పాఠాల్లో ఈ సంగతి పెద్దగా చెప్పరు గానీ నాకైతే అన్నిటికంటే ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

సాయం అడగాలంటే మీటింగ్‌కు ముందే అడగండి: 'ఇఫ్ ఐ బ్రింగ్ దిస్ అప్, కుడ్ యు బ్యాక్ మీ అప్?' నేను ఈ విషయం ఎత్తితే నువ్వు కాస్త సమర్థిస్తావా అని. దగ్గరివాళ్లతో 'యు విల్ బ్యాక్ మీ అప్, రైట్?' అన్నా సరిపోతుంది. ఏ మర్యాద మాటా లేకుండా 'బ్యాక్ మీ అప్' అని మాత్రమే అంటే స్నేహితుల మధ్య సరదాగా ఉంటుంది, పై అధికారితో అంటే ఆర్డర్ వేసినట్టు ఉంటుంది.

మాట ఇవ్వాలంటే 'ఐ విల్ బ్యాక్ యు అప్'. ఇందులో 'విల్' వదలకండి.

ఇక ఆ క్షణం వచ్చింది, మీ కొలీగ్ మాట్లాడింది, అందరూ అనుమానంగా చూస్తున్నారు, మీరు నోరు తెరవాలి. అప్పుడు 'ఐ బ్యాక్ యు అప్' అనకండి. వ్యాకరణం ప్రకారం తప్పులేదు కానీ వినడానికి వింతగా ఉంటుంది, ఎందుకంటే సమర్థిస్తున్నానని ప్రకటిస్తే సమర్థించినట్టు కాదు. అక్కడ నిజంగా పనిచేసేవి వేరే మాటలు: 'షి ఈజ్ రైట్, ఐ సా ద సేమ్ థింగ్ లాస్ట్ వీక్', ఆవిడ చెప్పింది నిజం, పోయిన వారం నేనూ అదే చూశాను. లేదా 'ఐ కెన్ బ్యాక్ దట్ అప్', దానికి నా దగ్గర ఆధారం ఉంది. ఈ రెండోది అన్నారంటే వెంటనే ఆధారం బయటపెట్టాలి, అది లేకుండా అంటే ఆవిడతో పాటు మీరూ ఇరుక్కుంటారు.

చుట్టాల్లా కనిపించే మిగతా మాటలు

ఒంటరి 'బ్యాక్' అంటే పక్షం ఎంచుకోవడం, అభ్యర్థికో, ప్రతిపాదనకో, పెట్టుబడి పెట్టాల్సిన కంపెనీకో: 'ద కమిటీ బ్యాక్ట్ ద ప్లాన్'. 'స్టాండ్ బై' అంటే కష్టకాలంలో విడిచిపెట్టకుండా ఉండటం, అందరూ వదిలేసినా నేనున్నాను అనడం. ఇక్కడ ముందు ఎవరూ ఏ మాటా అనక్కర్లేదు. 'స్టాండ్ అప్ ఫర్', 'స్టిక్ అప్ ఫర్' రెండూ ఎవరైనా దాడి చేస్తుంటే అడ్డం వెళ్లడానికి, స్టిక్ అప్ ఫర్ కొంచెం మాటల్లో వాడేది. వీటిలో 'ఫర్' తర్వాతే మనిషి వస్తాడు, మధ్యలో ఇరికించకూడదు: 'షి స్టుడ్ అప్ ఫర్ మీ'. 'ప్రాప్ అప్' అంటే పడిపోయేదాన్ని పడిపోకుండా ఊతం పెట్టి నిలబెట్టడం, దివాలా తీస్తున్న కంపెనీని అప్పులతో నిలబెట్టడం లాంటిది. మనుషుల గురించి అంటే కొంచెం చులకన చేసినట్టు ఉంటుంది.

చివర్లో ఉండే చిన్న మాట మారితే కథ అడ్డం తిరుగుతుంది. 'బ్యాక్ అవుట్' అంటే ఒప్పుకుని వెనక్కి తగ్గడం, 'బ్యాక్ డౌన్' అంటే పట్టు వదిలేయడం, 'బ్యాక్ ఆఫ్' అంటే మీద మీదికి రాకు, దూరం జరుగు అనడం. 'హి ప్రామిస్ట్ టు బ్యాక్ మీ అప్, దెన్ బ్యాక్ట్ అవుట్', మాటిచ్చి తీరా సమయానికి జారుకున్నాడు. ఈ ఒక్క వాక్యం నోటికి వస్తే రెండూ గుర్తుంటాయి.

సమర్థన కాని అర్థాలు

వీటి మీద ఎక్కువసేపు కూర్చోవక్కర్లేదు, గుర్తుపడితే చాలు. వెనక మనిషి గానీ మాట గానీ ఏదీ లేకుండా ఉత్త 'బ్యాక్ అప్' వస్తే చాలాసార్లు వెనక్కి జరగమని. బండిని వెనక్కి తీయడానికీ ఇదే, మనం రివర్స్ అంటాం. సంభాషణలో 'లెట్స్ బ్యాక్ అప్ ఎ లిటిల్' అంటే కాస్త వెనక్కి వెళ్లి మొదటి నుంచి మాట్లాడుకుందాం అని. ట్రాఫిక్ గానీ, డ్రైనేజీ పైపు గానీ 'బ్యాక్ట్ అప్' అయిందంటే ముందుకు కదలక పేరుకుపోయిందని. పని పేరుకుపోయినా 'ఐ యామ్ బ్యాక్ట్ అప్ టుడే' అంటారు, ముఖ్యంగా అమెరికాలో. ఇది మీరు అనే ముందు మాత్రం ఒకసారి ఆలోచించండి, ఎందుకంటే అదే మాటకు వాడుకలో మలబద్ధకం అనే అర్థం కూడా ఉంది. బాస్‌తో అయితే 'ఐ హ్యావ్ ఎ లాట్ పెండింగ్' అని ఊరుకోవడం క్షేమం.

సాధన ఎలా

ఖాళీలు పూరించే అభ్యాసాలు దీనికి పెద్దగా పనికిరావు. ఇవాళ మీ ముందు ఎవరో ఒకరు ఒక మాట అన్నది, ఇంకొకరు దాన్ని సమర్థించింది జరిగే ఉంటుంది, ఇంట్లోనో ఆఫీసులోనో గ్రూప్ చాట్‌లోనో. దాన్ని ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలుగా చెప్పండి: ఎవరు ఏమన్నారు, ఎవరు సమర్థించారు, దేనితో సమర్థించారు. రెండో వాక్యంలో సర్వనామం మధ్యలో పెట్టండి, మూడోదాంట్లో 'విత్' వాడండి. పైకి చదవండి, 'బ్యాక్టిమప్', 'బ్యాక్టరప్' అని కలిసిపోయేదాకా. హిమ్, హర్‌లలో 'హ' మామూలు వేగంలో ఊడిపోతుంది, అందుకే సినిమాల్లో విన్నప్పుడు అది మూడు మాటలని కూడా తట్టదు. నోటికి ఒకసారి అలవాటైతే చెవి కూడా దాన్ని పట్టుకోవడం మొదలుపెడుతుంది.